నల్గొండ, పాలమూరులో గే వాళ్ళ మీద డాక్యుమెంటరీ: ముఖం చూపాలా, గొంతు చాలా, అసలు కెమెరా ఎవరి ముందు పెట్టాలి?

పోయిన వానాకాలంలో పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి ఇద్దరు పీజీ పిల్లలు ఫోన్ చేశారు. "అన్నా, మా దిక్కు గే పిలగాండ్లు పడే తిప్పల మీద డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నం, ఏ కెమెరా కొనాలె?" అని అడిగారు. కెమెరా సంగతి చివర్లో చూద్దాం అన్నాను. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. సినిమా బయటికొచ్చిన మర్నాడు పొద్దున, అందులో మాట్లాడిన పిల్లగాడు వీధి చివర కిరాణా షాపుకు పోయి పాల ప్యాకెట్ తెచ్చుకోగలడా లేదా? ఈ సినిమా ఎట్లా తీయాలన్న ప్రతి నిర్ణయమూ చివరికి అక్కడికే వచ్చి ఆగుతుంది.

నాది నల్గొండ. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతాను. ఈ విషయం మీద ఇప్పటిదాకా రెండు చిన్న డాక్యుమెంటరీలు తీశాను, ఒకటి 14 నిమిషాలు, ఇంకోటి 22 నిమిషాలు. మొదటిది బయటికి రాలేదు, ఎందుకు రాలేదో కింద చెప్తాను, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా దాన్నుంచే. మీ ముందు ఎన్ని దారులున్నాయో, ఏది ఎవరికి సరిపోతుందో, నేనైతే ఏది తీసుకుంటానో ఇక్కడ రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఉండి తీసేవాళ్ళకు ఇందులో కొన్ని సలహాలు అతి జాగ్రత్తగా అనిపించవచ్చు. కానీ మన దగ్గర లెక్క వేరు. ఇక్కడ కొత్త మనిషి కనిపిస్తే ముందు అడిగేది పేరు కాదు, "ఎవరి కొడుకువు బిడ్డా?" అనే.

ముఖం చూపిస్తూ మాట్లాడించడం

అందరికీ ముందు తట్టేది ఇదే. మనిషి నేరుగా కెమెరాలోకి చూసి "నేను గే" అంటే ఆ మాటకు ఉన్న బలం ఇంకే పద్ధతిలోనూ రాదు, అది ఒప్పుకోవాల్సిందే. మాట ఆగినప్పుడు గొంతులో ముడి కదలడం, నవ్వుతూనే కండ్లల్ల నీళ్ళు తిరగడం, ఇవి చూసిన మనిషి ఆ తర్వాత తేలిగ్గా ఎగతాళి చేయలేడు. సినిమా చూసి మనసు మారేవాళ్ళు ఎక్కువగా ముఖం చూసే మారతారని నా నమ్మకం.

కానీ ఆ బలానికి ఎవరు మూల్యం కడుతున్నారో చూడండి. నేనైతే మూడు విషయాలు అడిగి తెలుసుకోకుండా ఎవరి ముఖం మీదా లైటు వేయను. ఇంట్లో ఇప్పటికే తెలుసా? తన సంపాదన మీద, తన అద్దె గదిలో బతుకుతున్నాడా, లేక నాన్న ఇచ్చే డబ్బుల మీదనా? ఇంట్లో పెళ్లి కావాల్సిన చెల్లె ఉందా? మూడోది అడిగినప్పుడు బయటి ఊళ్ళ వాళ్ళు ఆశ్చర్యపోతారు, మన దగ్గర మాత్రం ఎవరికీ వివరించక్కర్లేదు. పిల్లగాడి ధైర్యం పిల్లగాడిదే, కానీ సంబంధం తప్పిపోయేది చెల్లెకు, ఆ తప్పు జీవితాంతం ఈయన నెత్తి మీదే పెడతారు. ఇంకోటి, అతను ఒప్పుకుంటే అతని వరకే ఒప్పుకున్నట్టు. వెనక గోడ మీద అమ్మానాన్నల ఫోటో ఉంటే వాళ్ళను మీరు అడగలేదు కదా, ఆ ఫ్రేమ్ పక్కకు తీయండి.

మూడింటికీ జవాబు బాగుంటే ముఖం చూపించండి, వెనకాడకండి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో చెప్పేసి, ఏడాదికోసారి దేవరకొండకో కొల్లాపూర్‌కో వచ్చిపోయే వాళ్ళలో ఇట్లాంటి వాళ్ళు దొరుకుతారు. ఊళ్ళోనే ఉండేవాళ్ళలో దొరకడం చాలా అరుదు. 18 నిండని పిల్లల్ని మాత్రం ముఖం ఉన్నా లేకున్నా తీయకండి. వాళ్ళు ఎంత బతిమాలినా సరే, ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

ముఖం దాచి తీయడం, అందులో నేను చేసిన తప్పు

నా మొదటి సినిమా ఈ పద్ధతిలో తీసిందే. మిర్యాలగూడ దిక్కు అబ్బాయి, డిగ్రీ అయిపోయింది, నాన్న ఒక రైస్ మిల్లులో గుమాస్తా. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టాను, ముఖమంతా నీడ. ఎడిటింగ్‌లో దాని మీద మళ్ళీ బ్లర్ వేశాను, గొంతు పిచ్ కిందికి దించాను. ఇంకేం కావాలి అనుకున్నాను. పూర్తి కాకముందే, సౌండ్ ఎట్లా ఉందో చెప్పమని మా లైన్‌లోనే పనిచేసే ఒకాయనకు చూపించాను. ఆయనది ఆ మండలమే అన్న సంగతి నాకు తట్టలేదు. నిమిషం కూడా కాలేదు, "గీ పోరడు ఆ మిల్లు గుమస్తా కొడుకు గాదే?" అన్నాడు. నాకు చెమటలు పట్టినయి. ఎట్లా గుర్తుపట్టినవ్ అంటే, మాట మాటకూ "గదే చెప్తున్న" అంటాడు, మాట్లాడేటప్పుడు బొటనవేలితో అరచెయ్యి రుద్దుకుంటాడు, చిన్నప్పటి నుంచీ అంతే అన్నాడు.

ఆయన మంచివాడు కాబట్టి ఆ మాట అక్కడితో ఆగింది. మర్నాడే పోయి అబ్బాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "తీసెయ్యన్నా" అన్నాడు. అతని ముందే తీసిన వీడియో మొత్తం, కాపీలతో సహా డిలీట్ చేశాను. అతను నన్ను నమ్మి మూడు రోజులు కూర్చున్నాడు, నేను బ్లర్‌ను నమ్మాను. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

అందుకే చెప్తున్నాను, చిన్న ఊళ్ళో మనిషిని గుర్తుపట్టేది ముఖంతో కాదు. నడక, యాస, ఊతపదం, బండి నంబర్, మెడలో తాయెత్తు, వెనక వినిపించే మిల్లు మోత, కిటికీలోంచి కనిపించే గుడి గోపురం, ఇవన్నీ చిరునామాలే. గొంతు పిచ్ మార్చితే చాలదు, ఎంత దించారో అంత పైకి ఎత్తితే అసలు గొంతు మళ్ళీ బయటపడుతుంది, ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్ చాలు. పల్చటి బ్లర్ అయితే తల ఆకారం, గడ్డం గీత అట్లాగే తెలుస్తాయి. ముఖం దాచాలని నిర్ణయించుకుంటే సగం సగం దాచకండి, మనిషిని అసలు తీయకండి. అంటే గొంతు మాత్రమే రికార్డు చేయండి, అది కూడా చివరి సినిమాలో వాడకండి, మాటలు రాసుకుని ఇంకో నటుడితో చెప్పించండి. వేరే జిల్లా నటుడైతే ఇంకా మంచిది, అబ్బాయిది నల్గొండ యాస అయితే పాలమూరు యాసలో చెప్పించవచ్చు, మాట సత్యం పోదు, మనిషి జాడ మాత్రం పోతుంది. వేరే గొంతు వాడామని సినిమా మొదట్లోనే చూసేవాళ్ళకు చెప్పండి.

ఇది మన బడ్జెట్ తక్కువై చేసే రాజీ అనుకోకండి. 2020లో వచ్చిన "వెల్‌కమ్ టు చెచెన్యా" అనే డాక్యుమెంటరీలో దర్శకుడు డేవిడ్ ఫ్రాన్స్, రష్యాలోని చెచెన్యా నుంచి ప్రాణభయంతో పారిపోతున్న గే మనుషుల ముఖాల మీద వేరే వాలంటీర్ల ముఖాలను కంప్యూటర్‌తో అతికించాడు. 2021లో "ఫ్లీ" అనే డానిష్ సినిమా ఒక అఫ్గాన్ గే శరణార్థి కథను దాదాపు మొత్తం కదిలే బొమ్మలతో చెప్పింది, అతని అసలు పేరు కూడా వాడలేదు. ఆస్కార్‌లో మూడు విభాగాల్లో నామినేట్ అయింది. మనిషిని దాచినంత మాత్రాన కథ బలం తగ్గదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

బొమ్మలు ఖర్చు కదా అంటారు. పూర్తి యానిమేషన్ అయితే నిజమే, సెకనుకు 12 బొమ్మల చొప్పున లెక్కేసినా 10 నిమిషాలకు 7,200 బొమ్మలు కావాలి. మన వల్ల కాదు. కానీ మన తెలంగాణలో పటం కథ ఉంది, చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాన్ని వేలాడదీసి ఒక్కో గడి చూపిస్తూ కథ చెప్పడం ఎన్ని తరాల నుంచో ఉన్న పద్ధతి. కదలని బొమ్మల మీద కెమెరా నెమ్మదిగా కదులుతూ, పక్కన ఒక మనిషి కథ చెప్తూ పోతే 10 నిమిషాల సినిమాకు 50, 60 బొమ్మలతో పని అయిపోతుంది. ఒగ్గుకథ విని పెరిగిన మన జనానికి, ఒకరి బాధను ఇంకొకరు గొంతెత్తి చెప్పడం కొత్త కాదు, నకిలీ అనిపించదు. నాకు ఈ దారి అంటే చాలా ఇష్టం. ఊళ్ళోనే ఉండి, ఇంట్లో తెలియని వాళ్ళ కథలకు దీన్ని మించింది లేదని నా అభిప్రాయం.

తన ఫోన్‌తో తనే తీసుకోవడం

ఈ దారికి మన దేశంలోనే పాతికేళ్ళ కిందటి ఉదాహరణ ఉంది. నిషిత్ సరన్ అనే యువకుడు 1999లో "సమ్మర్ ఇన్ మై వెయిన్స్" అనే సినిమాలో తను గే అని తన తల్లికి చెప్పే సందర్భాన్ని తనే కెమెరాలో పట్టుకున్నాడు. బయటివాడు తీసిన సినిమాలో రాని దగ్గరితనం ఇందులో వస్తుంది, పైగా డిలీట్ బటన్ అతని చేతిలోనే ఉంటుంది. అధికారం ఎవరి దగ్గర ఉండాలో వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఇది చిన్న విషయం కాదు.

ఇబ్బంది ఎక్కడంటే, మన ఇళ్ళల్లో ఫోన్ ఒక్కరిది కాదు. తమ్ముడు గేమ్ ఆడతాడు, అమ్మ వీడియో కాల్ చేస్తుంది, బావ వచ్చి "ఏం ఫోటోలున్నయ్ రా" అని గ్యాలరీ తెరుస్తాడు. ఫోటోల యాప్‌లో ఆటోమేటిక్ బ్యాకప్ ఉంటే ఫోన్‌లో డిలీట్ చేసినా అకౌంట్‌లో ఇంకో చోట మిగిలిపోవచ్చు. వీడియో ఫైల్ లోపల లొకేషన్ కూడా ఉండొచ్చు. కాబట్టి ఈ దారి ఎంచుకుంటే ముందు బ్యాకప్, లొకేషన్ రెండూ ఆపించండి, వీలైతే సిమ్ లేని పాత ఫోన్ ఒకటి మీరే ఇవ్వండి, దానికి తాళం అతని దగ్గరే. హాస్టల్‌లోనో, ముంబై, పుణెల్లో పనికి పోయిన చోటో ఒంటరిగా గది ఉన్నవాళ్ళకు ఇది సరిపోతుంది. పాలమూరు నుంచి వలస పోయిన వాళ్ళకు అక్కడొక బతుకు, పండక్కి ఊరికొస్తే ఇంకో బతుకు. ఆ రెండింటి మధ్య బస్సు ప్రయాణం ఒక్కటే వాళ్ళ ఫోన్‌తో తీయిస్తే, అదొక్కటే గొప్ప సినిమా అవుతుంది. ఎవరైనా తీస్తే బాగుండు.

నెలల తరబడి ఒక మనిషి వెంట తిరిగి తీసే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. బయటపడి బతుకుతున్న మనిషి, ఓపిక, డబ్బు ఈ మూడూ ఉంటే చేయండి. మన ఊళ్ళల్లో కెమెరా పట్టుకుని ఒకే ఇంటికి నాలుగుసార్లు పోతే ఐదోసారికి వీధంతా అడుగుతుంది.

కెమెరాను అటు తిప్పడం

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. మీరు తీయాలనుకున్నది వివక్ష మీద సినిమా. వివక్ష చూపించేది ఎవరు? గే పిల్లగాడు కాదు కదా. మరి ప్రతిసారీ అతన్నే కూర్చోబెట్టి, అతన్నే ఏడిపించి, అతని ముఖమే ప్రమాదంలో పెట్టడం ఎందుకు? చిన్నచూపు చూసేవాళ్ళ ముందు, మాటలనేవాళ్ళ ముందు కెమెరా పెట్టండి.

నా రెండో సినిమా, ఆ 22 నిమిషాలది, మొత్తం ఇట్లాగే తీశాను. గే మనిషి ఒక్కరూ కనిపించరు. మంగలి షాపు, చాయ్ హోటల్, ఒక ఇంటర్ లెక్చరర్, ఒక ఆర్‌ఎంపీ, పెళ్లి సంబంధాలు కుదిర్చే ఒక పెద్దాయన, ముగ్గురు తల్లులు. అందరికీ ముందే చెప్పాను, ఇది గే వాళ్ళ గురించి సినిమా, మీరేమనుకుంటున్నారో చెప్పండి, నేను మీతో వాదించను అని. దాచి, మాయ చేసి తీయలేదు, మీరూ తీయకండి. మాయ చేస్తే వాళ్ళు రేపు మన మాట ఎప్పటికీ వినరు, మనకు కావాల్సింది వాళ్ళు వినడమే.

ఏం బయటపడుతుందంటే, కోపం కంటే ఎక్కువగా తెలియకపోవడం. లెక్చరర్ "అది ఫారిన్ నుంచి వచ్చిన ఫ్యాషన్" అన్నాడు. ఆర్‌ఎంపీ "ఇంజెక్షన్ కోర్సు ఉంటది, పెండ్లి చేస్తే అదే సెట్ అయితది" అన్నాడు. చాయ్ హోటల్‌లో ఒకాయన "అట్లాంటోళ్ళ మీద కేసు పెట్టొచ్చు తెల్సా" అన్నాడు. ఇవి మీ సినిమాకు బంగారం లాంటి మాటలు, ఎందుకంటే ప్రతి మాట పక్కనా ఒక నిజాన్ని నిలబెట్టవచ్చు. గే సంబంధాన్ని నేరం చేసిన 377 సెక్షన్ 1860లో బ్రిటిష్ వాళ్ళు రాసిన శిక్షాస్మృతిలోది, అంటే ఫారిన్ నుంచి వచ్చింది ఆ శిక్ష. 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని పక్కన పెట్టింది, 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది, 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా, పెద్దవాళ్ళు ఇష్టపూర్వకంగా కలిసి ఉంటే నేరం కాదని తేల్చారు. ఆ పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. ఇక ఇంజెక్షన్ సంగతి, 1990 మే 17నే ప్రపంచ ఆరోగ్య సంస్థ గే కావడాన్ని జబ్బుల పట్టికలోంచి తీసేసింది, 2022లో మన నేషనల్ మెడికల్ కమిషన్, గే వాళ్ళను "మారుస్తాం" అని వైద్యం చేయడం డాక్టర్లకు వృత్తిపరమైన తప్పు అని చెప్పింది. పెళ్లి హక్కు మాత్రం ఇంకా రాలేదు, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు అది పార్లమెంటు చూసుకోవాల్సిన పని అంది. ఈ తేదీలన్నీ వరసగా తెర మీద వేస్తే ఎవరూ చదవరు. చాయ్ హోటల్ ఆయన మాట అయిపోగానే ఒక్క వాక్యం వేయండి, అప్పుడు హాల్లో కదలిక వస్తుంది.

తల్లుల దగ్గర మాత్రం నేను చట్టం గురించి ఏమీ వేయలేదు. జడ్చర్ల దగ్గర ఊళ్ళో ఒకామెను అడిగాను, "అమ్మా, రేపు నీ కొడుకే వచ్చి ఇట్ల చెప్తే?" అని. ఆమె బియ్యం చాట ఆపింది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది, మళ్ళీ ఆపింది. చాలాసేపటికి "అన్నం బెట్టనా మరి? కొడుకే గదా" అంది. ఆ మౌనాన్ని నేను ఒక్క సెకను కూడా కత్తిరించలేదు. నల్గొండలో చూపించిన రోజు ఆ దృశ్యం తర్వాత ఒక పిల్లగాడు బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు, నేను పోయి పక్కన కూర్చున్నా, అంతే.

ఈ దారిలోనూ గోతులున్నాయి. వెకిలి మాట తెర మీద వస్తే కొందరు నవ్వుతారు, మన సినిమాల్లో నడుము తిప్పే కమెడియన్ పాత్రలు చూసి చూసి ఆ నవ్వు అలవాటైపోయింది. ఆ మాటను వరసగా పదిసార్లు వినిపిస్తే మీరే దాన్ని ఊరేగించినట్టు అవుతుంది. ఒక్కసారి చాలు, వెంటనే ఆ మాట పడ్డవాడికి ఎట్లా ఉంటుందో చెప్పే గొంతు రావాలి. అందుకే ఇప్పుడైతే నేను రెండు దారులూ కలుపుతాను: కెమెరా ముందు లోకం, వెనక నుంచి పటం బొమ్మలతో, వేరే గొంతుతో గే మనిషి కథ. ఒక సినిమా మాత్రమే తీయగలిగితే ఇదే తీయండి అని చెప్తాను.

గే అబ్బాయికి బలవంతంగా పెళ్లి చేసిన ఇల్లు మీకు తగలొచ్చు, "పప్పన్నం ఎప్పుడు పెడ్తవ్" అని చుట్టాలంతా వెంటపడి చేసిన పెళ్లి. అప్పుడు ఆ అమ్మాయిని మరిచిపోకండి. ఏ తప్పూ చేయకుండా ఆమె జీవితం కూడా అందులో ఇరుక్కుంది. ఆమె మాట లేకుండా ఆ ఇంటి కథ చెప్తే అన్యాయం.

ఏ మాట వాడాలి

దీని మీద మేం వారం రోజులు కొట్లాడుకున్నాం. పేపర్లలో "స్వలింగ సంపర్కులు" అని రాస్తారు. ఆ మాట వినగానే పడకగది తప్ప ఇంకేం గుర్తు రాదు. ఒక మనిషి ప్రేమ, భయం, ఒంటరితనం, అన్నీ ఆ ఒక్క పనిలోకి కుదించినట్టు ఉంటుంది. "స్వలింగ ప్రేమికులు" కొంత నయం, కానీ ఎవరూ నోటితో అనరు. ఊళ్ళో వాడే మాటలు "తేడా", "పాయింట్ ఫైవ్" తిట్లే తప్ప పేర్లు కావు. నేను మాట్లాడినవాళ్ళంతా తమను తాము "గే" అనే చెప్పుకున్నారు, కాబట్టి సినిమాలో అదే వాడాను. పెద్దవాళ్ళకు అర్థం కావడానికి ఒకసారి "మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు" అని విడమర్చాను. గే వేరు, ట్రాన్స్‌జెండర్ వేరు అని కూడా ఒకచోట స్పష్టంగా చెప్పండి, మన దగ్గర ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళే ఎక్కువ. ఇద్దరికీ ఎగతాళి ఒకటే ఎదురవుతుంది, జీవితాలు మాత్రం వేరు.

సంతకం ఒక్కసారి కాదు

చాలామంది షూటింగ్ రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని అయిపోయింది అనుకుంటారు. మనసులో ఉన్నదంతా చెప్పుకున్న రోజు మనిషి తేలికపడి దేనికైనా సరే అంటాడు. వారం తర్వాత భయం వేస్తుంది. నేను మూడుసార్లు అడుగుతాను: తీసే ముందు, ఎడిటింగ్ అయ్యాక అతనికి చూపించి, బయటపెట్టే ముందు రోజు. ఏ దశలో వద్దన్నా కారణం అడగను. అసలు పేరు ఉన్న కాగితాన్ని వీడియో ఉన్న హార్డ్ డిస్క్‌తో ఒకే చోట పెట్టను, డిస్క్‌కు పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ పెడతాను. డేటింగ్ యాప్‌లో పిలిచి కొట్టి, వీడియో తీసి డబ్బులు గుంజిన కథలు మీకు కచ్చితంగా వినపడతాయి. అట్లాంటి వాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త, ఎందుకంటే బెదిరించేవాడు కూడా ఆ సినిమా చూస్తాడు. అది బలవంతపు వసూలు నేరమని, ఫిర్యాదు చేస్తే గే అయినందుకు తన మీద కేసు పడదని అతనికి తెలియకపోవచ్చు, చెప్పండి. ఇంటర్వ్యూ తర్వాత మనసు బాగోకపోతే మాట్లాడుకోవడానికి ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, రాసిచ్చి రండి.

ఎక్కడ చూపించాలి

యూట్యూబ్‌లో పెడితే ఎక్కువమందికి చేరుతుంది, సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ కింద కామెంట్లు మీ చేతిలో ఉండవు, ఒక ముక్క కోసి వాట్సాప్‌లో తిప్పితే ఇక ఆపలేరు. ముఖాలున్న సినిమా అయితే నేను యూట్యూబ్ వద్దంటాను, పెట్టాల్సి వస్తే కామెంట్లు మూసేసి పెట్టండి. బొమ్మల సినిమా, అటు తిప్పిన సినిమా అయితే నిశ్చింతగా పెట్టొచ్చు, తెర మీద మాట్లాడిన లెక్చరర్‌నో తల్లినో ఆ సంగతి ముందే అడిగి ఉంటే. హాల్లో టికెట్ పెట్టి బహిరంగంగా ఆడించాలంటే మాత్రం 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ కావాలి. ముంబైలో 2010 నుంచి కశిష్ అనే క్వీర్ ఫిల్మ్ ఫెస్టివల్ జరుగుతోంది, పంపించండి, గుర్తింపు వస్తే మీకు ఊతం. అయితే అక్కడ చూసేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి ముందే తెలుసు. చూడాల్సినవాళ్ళు నల్గొండ గడియారం సెంటర్ దగ్గర, పాలమూరు కొత్త బస్టాండ్ దగ్గర ఉన్నారు.

నాకు పనిచేసింది చిన్న ప్రదర్శనలు. 20, 25 మంది, ఎవరో ఒకరు పూచీ ఉండి పిలిచినవాళ్ళు, ఫోన్లు బయట బుట్టలో. సినిమా అయ్యాక గంటసేపు మాటలు. ఒక సంఘం వాళ్ళు హాలు ఇస్తామని చెప్పి, పోస్టర్ చూశాక ముందురోజు రాత్రి వద్దన్నారు. అప్పటి నుంచి రెండో చోటు ఎప్పుడూ చూసిపెట్టుకుంటాను.

ఇక కెమెరా. మీ దగ్గర ఉన్న ఫోన్ చాలు. డబ్బులుంటే ముందు కాలర్ మైక్ కొనండి, చిత్రం కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, 1/50 షటర్ పెట్టుకోండి, లేకపోతే ట్యూబ్‌లైట్ కింద చారలు పాకుతాయి. ఐఫోన్‌లో 4కె అయితే నిమిషానికి 100 ఎంబీ పైనే పడుతుంది, గొంతు కథలకు అంత అక్కర్లేదు, 1080 చాలు. మాట్లాడేటప్పుడు ఫ్యాన్, ఫ్రిజ్ ఆపండి.

ఆ మహబూబ్‌నగర్ పిల్లలిద్దరూ చివరికి పటం బొమ్మల దారి ఎంచుకున్నారు. మొన్న మొదటి రికార్డింగ్ చేశారు, ఒక చిన్న గదిలో, తలుపులు వేసి, ఫ్యాన్ ఆపేసి. ఆ అబ్బాయి గంటన్నర మాట్లాడాడట, ఆరో తరగతిలో స్కూల్ బాత్రూమ్ దగ్గర మొదలుపెట్టి అమ్మ కట్టించిన తాయెత్తు దాకా. అంతా అయ్యాక కాసేపు ఊరుకుని, "ఇయ్యాల్టికి ఇది మీ దగ్గర ఉండొద్దు" అన్నాడట. వాళ్ళు రికార్డర్‌లోంచి మెమరీ కార్డు తీసి అతని చేతిలో పెట్టి, బస్సెక్కి వచ్చేశారు.